ఎలుక బీ కణాల్లో, ప్లాస్మా కణాల్లో జీన్ ఎక్స్‌ప్రెషన్‌ను సరిగ్గా పోల్చడం ఎలా?

నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది: "ఎలుక ప్లీహం నుంచి బీ కణాలు, ప్లాస్మా కణాలు వేరుచేసి ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ చేయించాను. ప్లాస్మా కణాల్లో దాదాపు అన్ని జీన్లూ తగ్గినట్టు వస్తోంది. చివరికి మామూలుగా మారదనుకునే యాక్టిన్ కూడా. ఎక్కడ పొరపాటు జరిగింది?"

చాలాసార్లు బెంచ్ మీద పొరపాటేమీ ఉండదు, లెక్కలో ఉంటుంది. ప్లాస్మా కణం బీ కణం నుంచే పుట్టి, యాంటీబాడీ తయారుచేయడానికే ఉన్న కణం. దాని ఎంఆర్‌ఎన్‌ఏలో 70 శాతం దాకా ఇమ్యునోగ్లోబ్యులిన్ (అంటే యాంటీబాడీ) జీన్ల నుంచి వచ్చిందే ఉండొచ్చు. ఆ సంగతి పట్టించుకోకుండా పోలిస్తే మిగతా జీన్లకు అన్యాయం జరుగుతుంది. కణాలు తీయడం దగ్గర నుంచి చివరి పరీక్ష దాకా ఏం చేయాలో, ఎక్కడ జాగ్రత్తపడాలో వరుసగా చెబుతాను.

ముందుగా కావలసినవి

- ఒకే జాతి, ఒకే వయసు, ఒకే లింగం ఎలుకలు కనీసం మూడు. నాలుగైదు ఉంటే ఇంకా మంచిది. జంతు ప్రయోగాల ఎథిక్స్ కమిటీ అనుమతి చేతికి వచ్చాకే మొదలుపెట్టండి.
- కణాల పైన ఉండే ప్రోటీన్లను గుర్తించే యాంటీబాడీలు: బీ220, సీడీ19, సీడీ21, సీడీ23, సీడీ138, టాసీ. టీ కణాలను, మాక్రోఫేజ్‌లను, న్యూట్రోఫిల్స్‌ను పక్కకు తీయడానికి సీడీ3, ఎఫ్4/80, జీఆర్1. చనిపోయిన కణాలను గుర్తించే రంగు.
- సెల్ సార్టర్ (కణాలను రకాలవారీగా వేరుచేసే మెషీన్) మీద సమయం. మీరు అనుకున్నదానికన్నా ఎక్కువే బుక్ చేయండి. ప్లీహంలోనైనా మజ్జలోనైనా ప్లాస్మా కణాలు మామూలుగా ఒక శాతం కూడా ఉండవు.
- తక్కువ కణాలతో పనిచేసే ఆర్‌ఎన్‌ఏ కిట్, లైబ్రరీ కిట్.
- ఆర్ ప్రోగ్రామ్, అందులో జీన్ల తేడాలు లెక్కించే డీఈసెక్2 గానీ ఎడ్జ్‌ఆర్ గానీ. రీడ్లను, అంటే సీక్వెన్సర్ చదివిన ముక్కలను, కళ్లతో చూడటానికి ఐజీవీ ప్రోగ్రామ్.

1. ఏ బీ కణం, ఏ ప్లాస్మా కణం? ముందు తేల్చుకోండి

"బీ కణం" అంటే సరిపోదు. ప్లీహంలో ఫాలిక్యులర్ బీ కణాలు ఉంటాయి, మార్జినల్ జోన్ బీ కణాలు ఉంటాయి. ఇమ్యునైజ్ చేసిన ఎలుకలో జెర్మినల్ సెంటర్ కణాలూ ఉంటాయి. అవతలి వైపు కూడా ఇంతే. ఎల్‌పీఎస్ (బీ కణాలను ఉత్తేజపరిచే బ్యాక్టీరియా పదార్థం) వేసి మూడు నాలుగు రోజులు పెంచితే వచ్చేవి ప్లాస్మాబ్లాస్ట్‌లు. అవి ఇంకా విభజన చెందుతూ ఉంటాయి. ఎముక మజ్జలో ఏళ్ల తరబడి కాకపోయినా నెలల తరబడి నిలిచే పరిణత ప్లాస్మా కణాలు విభజన మానేసినవి.

విశ్రాంతిలో ఉన్న ఫాలిక్యులర్ బీ కణాన్ని ప్లాస్మాబ్లాస్ట్‌తో పోలిస్తే వచ్చే జాబితాలో పై వరుసలన్నీ కణ విభజన జీన్లే ఉంటాయి. అవి ప్లాస్మా కణం లక్షణాలు కావు. మీ ప్రశ్న యాంటీబాడీ స్రావం గురించైతే రెండు మార్గాలున్నాయి. విభజన ఆగిన ప్లాస్మా కణాలు తీసుకోవచ్చు. లేదా ఎల్‌పీఎస్ వేసినా ఇంకా ప్లాస్మాబ్లాస్ట్‌గా మారని బీ కణాలను మూడో గుంపుగా పెట్టుకోవచ్చు. నేనైతే మూడో గుంపు పెట్టమనే చెబుతాను. అది లేకపోతే తర్వాత రివ్యూయర్ అడిగే మొదటి ప్రశ్న అదే.

ఇంకో మాట. బీ కణాలు ప్లీహం నుంచి, ప్లాస్మా కణాలు మజ్జ నుంచి తీస్తే, కనబడిన తేడా కణానిదా అవయవానిదా అని విడదీయలేరు. వీలైతే రెండూ ఒకే అవయవం నుంచి, ఒకే ఎలుక నుంచి తీయండి.

2. కణాలు వేరుచేయడం

కణజాలాన్ని చల్లగా ఉంచి, మెష్ మీద నలిపి, ఎర్రకణాలను లైసిస్ చేయండి. ప్లీహానికి, మజ్జకు ఎంజైమ్ అక్కర్లేదు. వేస్తే కణం మీది సీడీ138 తెగిపోయి, ఉన్న ప్లాస్మా కణాలు కూడా కనబడకుండా పోవచ్చు.

గేటింగ్‌లో, అంటే సార్టర్ తెర మీద కావలసిన కణాల చుట్టూ గీత గీయడంలో, అందరూ చేసే పొరపాటు ఒకటుంది. అలవాటుగా చిన్న లింఫోసైట్ గుంపు చుట్టూ బిగుతుగా గేట్ గీస్తారు. ప్లాస్మా కణాలు పెద్దవి, లోపల ఈఆర్ (ప్రోటీన్లు తయారయ్యే ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్) దట్టంగా ఉంటుంది. అవి ఆ గేట్ బయటే ఉండిపోతాయి. "మా ఎలుకల్లో ప్లాస్మా కణాలే లేవు" అని వచ్చినవాళ్లను నేను మొదట అడిగేది ఆ గేట్ చూపించమనే. దాన్ని పైకి, కుడికి బాగా వెడల్పు చేయండి. తర్వాత డబ్లెట్లను (అంటుకుపోయిన జంట కణాలను), చనిపోయిన కణాలను తీసేయండి.

- ఫాలిక్యులర్ బీ కణాలు: బీ220, సీడీ19 ఉండాలి. సీడీ23 ఎక్కువ, సీడీ21 మధ్యస్థం. సీడీ138 ఉండకూడదు.
- ప్లాస్మా కణాలు: సీడీ138, టాసీ రెండూ ఎక్కువ. బీ220 తక్కువ.

ఒక్క సీడీ138ని నమ్ముకోవద్దు. ఎలుక మజ్జలో ఇంకా ఎదగని బీ కణాల మీద కూడా అది కొంత ఉంటుంది. టాసీ జోడిస్తే గుంపు శుభ్రంగా విడిపోతుంది. ప్లాస్మా కణాన్ని రూపొందించే బ్లింప్1కు మెరిసే జీఎఫ్‌పీ తగిలించిన రిపోర్టర్ ఎలుకలు మీ ల్యాబ్‌లో ఉంటే ఇంకా సులువు.

సార్ట్ చేసిన కణాల్లో కొన్నిటిని మళ్లీ మెషీన్‌లో పెట్టి శుద్ధత చూడండి. కణాలు మరీ తక్కువైతే నేరుగా లైసిస్ బఫర్‌లోకే సార్ట్ చేయండి. అప్పుడు శుద్ధతను 6వ మెట్టులో, డేటాలోనే చూడాల్సి ఉంటుంది.

3. ఆర్‌ఎన్‌ఏ, లైబ్రరీ, ఎన్ని రీడ్లు

రెండు రకాల కణాలనూ ఒకే రోజు, ఒకే కిట్‌తో, ఒకే చేతితో చేయండి. ఒక ఎలుక బీ కణాలు, ప్లాస్మా కణాలు పక్కపక్కనే నడవాలి. బీ కణాలన్నీ సోమవారం, ప్లాస్మా కణాలన్నీ గురువారం చేస్తే ఆ తేడాను ఏ సాఫ్ట్‌వేరూ సరిచేయలేదు.

రీడ్ల సంఖ్య దగ్గర చిన్న లెక్క వేసుకోండి. ఒక ప్లాస్మా శాంపిల్‌కు 3 కోట్ల రీడ్లు తెచ్చుకున్నారనుకోండి. అందులో 70 శాతం ఇమ్యునోగ్లోబ్యులిన్‌కే పోతే మిగతా జీన్లన్నిటికీ కలిపి 90 లక్షలే మిగులుతాయి. బీ కణాల్లో అంత నష్టం ఉండదు. కాబట్టి ప్లాస్మా శాంపిళ్లకు ఎక్కువ లోతు అడగండి. 5 కోట్లు తీసుకుంటే కోటిన్నర మిగులుతుంది, పని జరుగుతుంది.

ప్లాస్మా కణంలో మొత్తం ఆర్‌ఎన్‌ఏ విశ్రాంత బీ కణం కన్నా ఎక్కువ. "ఒక కణానికి ఎన్ని కాపీలు" అనేదే మీ ప్రశ్న అయితే, కణాలు లెక్కపెట్టి లైసిస్ చేశాక ఈఆర్‌సీసీ స్పైక్-ఇన్‌ను (మోతాదు తెలిసిన కృత్రిమ ఆర్‌ఎన్‌ఏను) కణాల సంఖ్యకు తగ్గట్టు కలపండి. ఆర్‌ఎన్‌ఏను సమానం చేశాక కలిపితే ఆ సమాచారం అప్పటికే పోయినట్టే. "మిగతా జీన్లతో పోలిస్తే ఈ జీన్ పెరిగిందా" అన్నదే ప్రశ్న అయితే స్పైక్-ఇన్ అక్కర్లేదు.

4. కౌంట్స్ తయారుచేయడం

స్టార్ ప్రోగ్రామ్‌తో రీడ్లను జీనోమ్ మీద అలైన్ చేసి, ఒక్కో జీన్ మీద ఎన్ని పడ్డాయో ఫీచర్‌కౌంట్స్‌తో లెక్కించండి, లేదా సాల్మన్ వాడండి. రెండూ మంచివే. ఎలుక జీనోమ్ వెర్షన్ జీఆర్‌సీఎం39 అయితే అనొటేషన్ (ఏ జీన్ ఎక్కడుందో చెప్పే ఫైల్) కూడా దానిదే కావాలి. పాత జీఆర్‌సీఎం38 ఫైల్ కలిపేస్తే ప్రోగ్రామ్ ఎర్రర్ ఇవ్వదు, తప్పు కౌంట్లు మాత్రం ఇస్తుంది.

లైబ్రరీ ఏ స్ట్రాండ్‌దో కిట్ కాగితంలో చూసి సరిగ్గా ఇవ్వండి. జీన్లకు చేరిన రీడ్ల శాతం ఊహించనంత తక్కువగా వస్తే ముందు అనుమానించాల్సింది ఇదే.

రిఫరెన్స్ జీనోమ్ సీ57 బ్లాక్ 6 ఎలుకది. మీవి బాల్బ్-సీ ఎలుకలైతే ఇమ్యునోగ్లోబ్యులిన్ వీ జీన్లు (యాంటీబాడీలో మారే భాగానివి) అంత చక్కగా సరిపోవు. వాటిని ఎలాగూ పక్కన పెడతాం కాబట్టి ఈ పనికి ఇబ్బంది లేదు. కానీ ఆ కౌంట్లతో రెపర్టరీ (ఏయే యాంటీబాడీలు ఉన్నాయనే సంగతి) గురించి ఏమీ రాయకండి.

5. ఇమ్యునోగ్లోబ్యులిన్ జీన్లను పక్కన పెట్టడం

అసలు కీలకం ఈ మెట్టే. ఎందుకో ఒక్క జీన్ తీసుకుని చూద్దాం.

ఇమ్యునోగ్లోబ్యులిన్ కాని ప్రతి పది లక్షల రీడ్లలో ఒక జీన్‌వి 100 ఉన్నాయనుకోండి. రెండు కణాల్లోనూ అంతే, ఏ మార్పూ లేదు. ఇప్పుడు బీ కణంలో ఇమ్యునోగ్లోబ్యులిన్ వాటా 10 శాతం, ప్లాస్మా కణంలో 70 శాతం అనుకుందాం. మొత్తం రీడ్లతో భాగిస్తే బీ కణంలో ఆ జీన్ విలువ 90, ప్లాస్మా కణంలో 30. మారని జీన్ మూడింతలు తగ్గినట్టు కనిపిస్తుంది. యాక్టిన్‌కు జరిగిందీ ఇదే. ఇలా మొత్తంతో భాగించి వచ్చే సీపీఎం, టీపీఎం, ఆర్‌పీకేఎం అంకెలతో హీట్‌మ్యాప్ గీసేవాళ్లు పడే గొయ్యి ఇది.

డీఈసెక్2, ఎడ్జ్‌ఆర్ వాడే నార్మలైజేషన్ పద్ధతులు ఇలాంటి భారాన్ని చాలావరకు తట్టుకుంటాయి. అయినా తీసేయమనే చెబుతాను. తీయకపోతే పీసీఏ ప్లాట్‌లో (ఏ శాంపిళ్లు ఒకదానికొకటి దగ్గరో చూపే చిత్రంలో), హీట్‌మ్యాప్‌లో, ఎక్కువ మారిన జీన్ల జాబితాలో వీ జీన్లే నిండిపోతాయి. ఒక్కో ఎలుకలో ఒక్కో క్లోన్ పెరుగుతుంది కాబట్టి అవి శాంపిల్‌కూ శాంపిల్‌కూ విపరీతంగా మారుతుంటాయి.

ఎలా తీయాలంటే: అనొటేషన్ ఫైల్‌లో ప్రతి జీన్‌కూ ఒక రకం రాసి ఉంటుంది. ఐజీ అనే అక్షరాలతో మొదలయ్యే రకాలన్నీ, అంటే వీ, డీ, జే, సీ జీన్లు, వాటి సూడోజీన్లు కూడా, తీసి వేరే టేబుల్‌లో దాచుకోండి. పారేయకండి, తర్వాత పనికొస్తాయి. జీన్ పేరు "ఐజీ"తో మొదలైతే తీసేయమని రాస్తే మాత్రం ఐజీఎఫ్1ఆర్, ఐజీఎఫ్2బీపీ3 లాంటి సంబంధం లేని జీన్లు కూడా ఎగిరిపోతాయి. రకం చూసి తీయండి, పేరు చూసి కాదు. జేచెయిన్ ఈ రకంలోకి రాదు. అది ప్లాస్మా కణాన్ని గుర్తుపట్టే జీన్ కాబట్టి ఉండనివ్వండి.

తీసేశాకే సైజ్ ఫ్యాక్టర్లు (శాంపిళ్లను ఒకే కొలతకు తెచ్చే అంకెలు) లెక్కించండి. ముందు మొత్తం రీడ్లతో నార్మలైజ్ చేసి తర్వాత తీసేస్తే పై లెక్కలోని 90, 30 అలాగే ఉండిపోతాయి.

సరిగ్గా అయిందో లేదో చూడటానికి ఎంఏ ప్లాట్ (ప్రతి జీన్ సగటు స్థాయినీ, రెండు కణాల మధ్య తేడానూ చూపేది) గీయండి. మధ్యలో చుక్కల గుంపు సున్నా గీత మీద కూర్చోవాలి. గుంపంతా కిందికి జారి ఉంటే ఎక్కడో ఒక మెట్టు తప్పారు.

6. శాంపిళ్లు మీరు అనుకున్నవేనా?

గణాంకాలకు ముందు అరగంట దీనికి ఇవ్వండి. నేను ఒకసారి రెండు ట్యూబుల లేబుళ్లు మారిన డేటాతో రెండు వారాలు కుస్తీ పట్టాను. ఈ పరీక్ష మొదటిరోజే చేసి ఉంటే ఆ టెన్షన్ ఉండేది కాదు.

- సీడీ3ఈ కనిపిస్తే టీ కణాలు కలిశాయి. ఎల్‌వైజెడ్2, సీఎస్‌ఎఫ్1ఆర్ కనిపిస్తే మాక్రోఫేజ్‌లు. ఎస్100ఏ8, ఎస్100ఏ9 కనిపిస్తే న్యూట్రోఫిల్స్. హీమోగ్లోబిన్ జీన్లు ఎక్కువుంటే ఎర్రకణాలు పూర్తిగా పోలేదు.
- ఎక్సిస్ట్ ఆడ ఎలుకలోనే రావాలి, డీడీఎక్స్3వై మగ ఎలుకలోనే. ఒకే శాంపిల్‌లో రెండూ ఉంటే ఏదో కలిసిపోయింది.
- పీసీఏలో మొదటి అక్షం బీ కణాలను, ప్లాస్మా కణాలను విడదీయాలి. సార్టింగ్ తేదీ ప్రకారం విడిపోతే ఆగి ఆలోచించండి.
- బీ కణాల శాంపిల్‌లో కొద్దిగా జేచెయిన్ కనిపించినంత మాత్రాన కంగారు పడొద్దు. పగిలిన ప్లాస్మా కణాల ఆర్‌ఎన్‌ఏ ద్రావణంలో తేలుతూ వస్తుంది. ఒక్క శాంపిల్‌లోనే విపరీతంగా ఉంటే మాత్రం దాన్ని అనుమానించండి.

7. తేడాల పరీక్ష

రెండు రకాల కణాలూ ఒకే ఎలుక నుంచి వచ్చి ఉంటే డిజైన్‌లో ఎలుకను కూడా చేర్చండి. మొదట ఎలుక, తర్వాత కణం. ఇలా జతగా పోలిస్తే ఎలుకల మధ్య తేడా అడ్డురాదు. ఒకే ఎలుక ఆర్‌ఎన్‌ఏను మూడుసార్లు సీక్వెన్స్ చేసి మూడు రెప్లికేట్లు అనకండి. ఆ కౌంట్లు కలిపి ఒకటిగా చేయాలి.

ఇక్కడ చాలామందికి గుర్తులు తారుమారవుతాయి. మీరు చెప్పకపోతే ఆర్ అక్షర క్రమంలో ముందొచ్చే గుంపును ఆధారంగా తీసుకుంటుంది. ప్లాస్మా కణాలకు "ఏఎస్‌సీ" అని పేరు పెట్టి, బీ కణాలకు "బీ" అని పెడితే ఏఎస్‌సీయే ఆధారం అవుతుంది. అప్పుడు పెరిగినవన్నీ తగ్గినట్టు, తగ్గినవన్నీ పెరిగినట్టు వస్తాయి. బీ కణాలే ఆధారమని స్పష్టంగా రాయండి.

ఈ రెండు కణాలు ఒకదానికొకటి ఎంత దూరమంటే, 0.05 హద్దు పెడితే వేలకొద్దీ జీన్లు నిలుస్తాయి. ఆ జాబితాతో ఏమీ చేయలేరు. "తేడా సున్నా కాదు" అని కాకుండా "తేడా రెండింతలకు మించి ఉంది" అని పరీక్షించండి. డీఈసెక్2లో దానికి హద్దు ఇచ్చే వీలుంది, ఎడ్జ్‌ఆర్‌లో ట్రీట్ పద్ధతి ఉంది. అన్నీ తేల్చాక రెండింతల కన్నా తక్కువవి చేత్తో ఏరి తీసేయడం దీనికి సమానం కాదు.

8. తెలిసిన జీన్లను అడగండి

కొత్త జీన్ల వైపు చూసే ముందు, జవాబు ముందే తెలిసిన జీన్లు సరైన జవాబు చెబుతున్నాయో లేదో చూడండి.

ప్లాస్మా కణాల్లో పెరగాల్సినవి: పీఆర్‌డీఎం1, ఎక్స్‌బీపీ1, ఐఆర్‌ఎఫ్4, ఎస్‌డీసీ1, టీఎన్‌ఎఫ్‌ఆర్‌ఎస్‌ఎఫ్17, జేచెయిన్, ఎంజెడ్‌బీ1, హెచ్‌ఎస్‌పీఏ5.

తగ్గాల్సినవి: ప్యాక్స్5, బాక్2, స్పిబీ, సీఐఐటీఏ, ఎంఎస్4ఏ1, సీఆర్2.

"మా టేబుల్‌లో సీడీ138 లేదు, బ్లింప్1 లేదు" అని చాలామంది రాస్తారు. ఉంటాయి, వేరే పేర్లతో. సీడీ138 జీన్ పేరు ఎస్‌డీసీ1. బ్లింప్1 అంటే పీఆర్‌డీఎం1. టాసీ అంటే టీఎన్‌ఎఫ్‌ఆర్‌ఎస్‌ఎఫ్13బీ, బీసీఎంఏ అంటే టీఎన్‌ఎఫ్‌ఆర్‌ఎస్‌ఎఫ్17. బీ220 సంగతి వేరు. అది పీటీపీఆర్‌సీ జీన్ నుంచి వచ్చే ఒక స్ప్లైస్ రూపం. సార్టర్ మీద బీ220 పడిపోయినా ఆ జీన్ మొత్తం కౌంట్ అంతగా పడకపోవచ్చు. దాన్ని పొరపాటు అనుకోకండి.

టేబుల్‌ను ఎక్సెల్‌లో తెరిచేటప్పుడు జీన్ పేర్ల వరుసను టెక్స్ట్‌గా పెట్టండి. పాత అనొటేషన్‌లో మార్చ్1 అనే జీన్ తేదీగా మారిపోతుంది. బీ కణాల్లో ఎంహెచ్‌సీ-2ను అదుపు చేసే జీన్ అది, ఇలాంటి పనిలో పోగొట్టుకోకూడదు. కొత్త అనొటేషన్‌లో పేరు మార్చ్ఎఫ్1.

పాత్‌వే విశ్లేషణ చేస్తే పోలికకు జీనోమ్ మొత్తాన్ని కాకుండా, మీ కణాల్లో నిజంగా కనిపించిన జీన్లనే ఇవ్వండి. లేకపోతే "రోగనిరోధక వ్యవస్థ" అని పెద్ద అక్షరాలతో వస్తుంది, ఆ సంగతి మనకు ముందే తెలుసు.

9. రీడ్లను కళ్లతో చూడండి

ఐజీవీ తెరిచి రెండు చోట్లు చూడండి. కౌంట్ టేబుల్ చెప్పలేని సంగతి అక్కడ ఉంటుంది.

మొదటిది ఐజీహెచ్‌ఎం (ఐజీఎం యాంటీబాడీ జీన్), 12వ క్రోమోజోమ్ మీద. బీ కణం యాంటీబాడీని పొరకు అంటించి ఉంచుతుంది. దానికి కావలసిన రెండు చిన్న ఎక్సాన్లు జీన్ చివర ఉంటాయి. బీ కణాల్లో వాటి మీద రీడ్లు స్పష్టంగా కనిపిస్తాయి. ప్లాస్మా కణం యాంటీబాడీని బయటికి వదులుతుంది కాబట్టి ముందు ఎక్సాన్ల మీద రీడ్లు కొండలా ఉండి, ఆ రెండిటి దగ్గరికి వచ్చేసరికి దాదాపు నేలకు దిగిపోతాయి. మీ కణాలు ఎక్కువగా ఐజీజీ చేసేవైతే ఇదే సంగతి ఐజీహెచ్‌జీ1లో చూడండి. ఈ ఒక్క చిత్రం మీ సార్టింగ్ ఎంత బాగా జరిగిందో చెబుతుంది.

రెండోది ఎక్స్‌బీపీ1. ఐఆర్‌ఈ1 అనే ఎంజైమ్ దాని ఆర్‌ఎన్‌ఏ నుంచి 26 అక్షరాల ముక్కను కత్తిరిస్తేనే చురుకైన ప్రోటీన్ వస్తుంది. మొత్తం కౌంట్ ఎంత పెరిగినా ఆ కత్తిరింపు జరిగిందో లేదో తెలియదు. రీడ్లలో 26 అక్షరాల ఖాళీ ఎన్నిటిలో ఉందో రెండు కణాల్లోనూ లెక్కపెట్టండి.

10. క్యూపీసీఆర్‌తో సరిచూడటం

నాలుగైదు జీన్లు చాలు. వీలైతే సీక్వెన్సింగ్‌కు పంపని వేరే ఎలుకల నుంచి చేయండి. అదే ఆర్‌ఎన్‌ఏను మళ్లీ కొలిస్తే మెషీన్ పనిచేస్తోందని తప్ప కొత్తగా ఏమీ తెలియదు.

సమాన ఆర్‌ఎన్‌ఏ వేసినా ప్లాస్మా కణాల్లో యాక్టిన్ సీటీ (సంకేతం కనబడే సైకిల్ సంఖ్య) ఒకటిన్నర సైకిల్ ఆలస్యంగా రావచ్చు. పైన చెప్పిన మూడింతల లెక్కే ఇది. అందుకే నేరుగా సీటీలు పోల్చకుండా హౌస్‌కీపింగ్ జీన్‌తో తేడా తీసుకోండి. ఒక్కదాన్నే నమ్మకుండా హెచ్‌పీఆర్‌టీ, టీబీపీ లాంటివి రెండు మూడు పెట్టుకుని, సీక్వెన్సింగ్‌లో అవి మారలేదని ముందే చూసుకోండి.

సొంత ఎలుకలు లేకపోతే

ఇమ్‌జెన్ ప్రాజెక్ట్‌లో, జీఈఓ అనే డేటాబేస్‌లో ఎలుక బీ కణాల, ప్లాస్మా కణాల డేటా ఉచితంగా దొరుకుతుంది. రెండు కణాలూ ఒకే ప్రయోగంలో, ఒకే ల్యాబ్‌లో చేసిన డేటానే ఎంచుకోండి. ఒక చోటి బీ కణాలను, ఇంకోచోటి ప్లాస్మా కణాలతో పోల్చి బ్యాచ్ కరెక్షన్ చేస్తానంటే కుదరదు. బ్యాచ్, కణం రెండూ ఒకటే అయిపోయాక కరెక్షన్ మీరు వెతుకుతున్న తేడానే తుడిచేస్తుంది.

సింగిల్ సెల్ డేటా అయితే ప్రతి కణాన్నీ ఒక రెప్లికేట్‌గా లెక్కించకండి. ఒక్కో ఎలుకలో ఒక్కో రకం కణాల కౌంట్లు కలిపి, అక్కడి నుంచి 5వ మెట్టు ప్రకారం వెళ్లండి. క్లస్టరింగ్‌కు ముందు కూడా వేరియబుల్ జీన్ల జాబితా నుంచి ఇమ్యునోగ్లోబ్యులిన్‌లను తీసేయండి. లేకపోతే ప్లాస్మా కణాలు వాటి స్థితిని బట్టి కాకుండా ఏ యాంటీబాడీ చేస్తున్నాయో దాన్ని బట్టి విడిపోయి, ఒకే రకం కణం నాలుగు గుంపులుగా కనిపిస్తుంది. ద్రావణంలో తేలే ఆర్‌ఎన్‌ఏ ఇక్కడ ఇంకా పెద్ద సమస్య. దాన్ని తీసేసే సూప్‌ఎక్స్ గానీ సెల్‌బెండర్ గానీ నడిపి, టీ కణాల్లో ఐజీకేసీ అనే యాంటీబాడీ జీన్ ఎంత మిగిలిందో చూడండి. టీ కణం దాన్ని తయారుచేయదు కాబట్టి అక్కడ మిగిలిందంతా బయట నుంచి వచ్చిందే.